ఎలిజమ్మ నుదురు

మల్లెగుంటపాలెం,
3 జనవరి 1978

అన్నయ్యకు,

అందరం క్షేమమని మొదలుపెట్టాలని చిన్నప్పుడు మఠంలో సిస్టర్లు నేర్పారు. ఆ మాట రాయబోయి రెండు కాగితాలు పాడుచేశాను. ఇక్కడ కాగితాలు దొరకవు. అందుకని ఆ మాట లేకుండానే రాస్తున్నాను.

ఉప్పెన వచ్చిన వారానికి నువ్వు అవనిగడ్డ నుంచి బురదలో నడుచుకుంటూ వచ్చి మమ్మల్ని బడి అరుగు మీద చూశావు. నా పక్కన కూర్చుని ఏడ్చావు. నేను పలకలేదని మనసులో పెట్టుకోకు. అప్పుడు ఎవరి మాటా చెవికి ఎక్కలేదు.

ఇప్పుడు తాటాకు గుడిసెలో ఉంటున్నాం. మీ బావ బడి తెరవలేదు. తెరిచినా కూర్చోవడానికి పిల్లలు ఏరీ? మా పక్కింటి ఆదెమ్మకి ముగ్గురు పోయారు. ఆమె పొద్దస్తమానం నీళ్ళ బిందె తోముతుంది. ఒకటే బిందె.

అసలు సంగతి రాస్తాను. చదివి నవ్వకు, ఎవరికీ చెప్పకు. నాకు ఎలిజమ్మ ముఖం గుర్తు రావడం లేదు.

గొంతు వినిపిస్తుంది. పచ్చ గౌను కనిపిస్తుంది, దానికి చంక కింద నేను వేసిన కుట్టు కూడా. కాళ్ళు కనిపిస్తాయి. ముఖం దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఏమీ ఉండదు. తొమ్మిదేళ్ళు పెంచిన బిడ్డ, పోయి రెండు నెలలు కాలేదు. నేనేం తల్లిని?

గుడిలో మొదటి సత్ప్రసాదం తీసుకున్న రోజు తీయించిన ఫోటో ఒక్కటే ఉండేది. అది ఇంటితో పాటే పోయింది. తీసిన స్టూడియోలోకి నీళ్ళొచ్చి అక్కడ కూడా ఏమీ మిగల్లేదట. శవమైనా దొరకలేదు, చివరిసారి చూసుకోవడానికి.

నువ్వు రాతిలో మనుషుల ముఖాలు చెక్కుతావు. ఎవరూ చూడని పునీతుల ముఖాలు కూడా చెక్కుతావు. నా బిడ్డను నువ్వు చూశావు. దాని ముఖం నాకు చేసిపెట్టు అన్నయ్యా. ఇంకేదీ అడగను.

నీ చెల్లెలు,
అమలమ్మ


విజయవాడ వన్ టౌన్,
12 జనవరి 1978

చెల్లెమ్మ అమలకు,

నీ ఉత్తరం రాతి పొడి చేతులతోనే తీసుకుని, పని చేసేచోట నిలబడే చదివాను. చేస్తాను. ఈ పని చెయ్యకపోతే నాకు చేతులెందుకు?

మా యజమాని వెంకటప్పయ్య గారికి చెప్పాను. ఆయన మన మతం వాడు కాకపోయినా మంచి మనిషి. షెడ్డు వెనక ఉన్న తెల్ల పాలరాయి ముక్క ఒకటి చూపించి, "ఇది ఎవరి ఆర్డరూ కాదు శౌరీ, తీస్కో. నీ మేనకోడలికి నా వంతు కూడా అనుకో" అన్నారు. తల సైజుకి సరిపోతుంది. లోపల బూడిదరంగు చార ఒకటి పోతోంది గాని, జాగ్రత్తగా చేస్తే తప్పించవచ్చు.

గుడి గోడలో పెట్టేలా చేస్తాను. కింద పేరు, పుట్టిన తేదీ చెక్కుతాను.

నేను దాన్ని చూసి ఏడాది దాటింది. పిల్లలు ఏడాదిలో మారిపోతారు కదా. అందుకని కొన్ని రాసి పంపు. నుదురు వెడల్పా, ఇరుకా? పై పెదవి నీదా, బావదా? చెంపలు నిండుగా ఉండేవా? గడ్డం దగ్గర పుట్టుమచ్చ ఉన్నట్టు గుర్తు. అది ఏ వైపు?

వదిన బాగానే ఉంది. నిన్ను అడిగినట్టు రాయమంది.

మీ అన్న,
బాలశౌరి


మల్లెగుంటపాలెం,
24 జనవరి 1978

అన్నయ్యకు,

నువ్వు అడిగినవాటికి జవాబు రాద్దామని నాలుగు రోజులు కూర్చున్నాను.

నుదురు వెడల్పే. నూనె రాస్తే మెరిసేది. పై పెదవి వాళ్ళ నాన్నది. అలిగితే కింది పెదవి ముందుకొచ్చేది. చెంపలు నిండుగా ఉండేవి కావు, మశూచి టీకా వేసినప్పుడు జ్వరమొచ్చి తగ్గిపోయాయి, మళ్ళీ రాలేదు. ముక్కు చిన్నది. చెవులు కొంచెం బయటికి ఉండేవి, అందుకని జడలు చెవుల మీదుగా వేసేదాన్ని.

పుట్టుమచ్చ ఎడమ వైపు.

అలా రాసి, కవరు అంటించబోయి ఆగిపోయాను. కుడి వైపేమో. జడ వేసేటప్పుడు నేను వెనక నిలబడేదాన్ని. అన్నం పెట్టేటప్పుడు ఎదురుగా ఉండేది. ఎదురుగా ఉంటే నా ఎడమ దాని కుడి అవుతుంది. ఎంత తిప్పి చూసుకున్నా తేలడం లేదు. నువ్వు ఆ ప్రశ్న ఎందుకు అడిగావు? నేను మర్చిపోయానని నాకు నిరూపించడానికా?

మీ బావని అడిగాను. "పాప మచ్చ ఏ పక్కనండీ?" అన్నాను. ఆయన తింటున్న అన్నం వదిలేసి బయటికి వెళ్ళిపోయారు.

ఆయన సంగతి నీకు చెప్పలేదు. ఆ శనివారం సాయంత్రం నీళ్ళు తాటిచెట్టంత ఎత్తున వస్తున్నాయని అరుపులు విని ముగ్గురం పరుగెత్తాం. ఎలిజమ్మ ఆయన భుజాన ఉంది. మురుగు కాలవ పక్కన తాటిచెట్టుని ఆయన ఒక చేత్తో పట్టుకోవడం చూశాను. నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. దూలమో ఏదో వచ్చి నా తలకి తగిలింది. కళ్ళు తెరిచేసరికి తెల్లవారింది. నేను ముళ్ళకంప మీద ఉన్నాను. నా జుట్టు ఆయన గుప్పిట్లో ఉంది. పాప లేదు.

"ఏదండీ?" అన్నాను. "చెయ్యి జారింది" అన్నారు. ఇప్పటికీ ఎన్నిసార్లు అడిగినా ఆ రెండు మాటలే. బిందె జారితే అంటామే, అలా. దాని ముక్కూ మొహం గురించి, దాని మాటల గురించి, దేని గురించీ నోరు విప్పరు. కన్నతండ్రికి చెయ్యి ఎలా జారుతుంది?

గుడి గోడ మాట ఎత్తకు. గోడకి పెట్టుకోవడానికి కాదు నేను అడిగింది. నాకు కావాలి.

రోజూ పొద్దున్నే సముద్రం దాకా నడుస్తున్నాను. నాలుగు మైళ్ళు. అటే కొట్టుకుపోయిందని అందరూ అంటారు కదా.

అమలమ్మ


విజయవాడ వన్ టౌన్,
20 ఫిబ్రవరి 1978

అమలకు,

మూడు పెన్సిలు బొమ్మలు ఇందులో పెట్టాను. నువ్వు రాసిన గుర్తులన్నీ కలిపి గీశాను. మచ్చ పెట్టలేదు, దాని గురించి బెంగపెట్టుకోకు. మూడింటిలో ఏది దగ్గరగా ఉందో, ఎక్కడ తేడా ఉందో ఆ కాగితాల మీదే దిద్ది పంపు. అది చూసుకుని రాతి మీద చెయ్యి వేస్తాను.

మచ్చ అడిగింది నిన్ను పరీక్షించడానికి కాదు తల్లీ. పనివాడి బుద్ధి, అంతే. పునీత అంతోని బొమ్మ చెయ్యాలన్నా కొలతలు అడుగుతాను.

సముద్రం వైపు ఒంటరిగా వెళ్ళకు. బావ సంగతి నాకూ అర్థం కావడం లేదు. కాని జుట్టు పట్టుకుని నిన్ను తెల్లవారేదాకా నిలిపిన మనిషి ఆయన. అది మరిచిపోకు.

మీ అన్న,
బాలశౌరి


మల్లెగుంటపాలెం,
2 మార్చి 1978

అన్నయ్యకు,

బొమ్మలు తిప్పి పంపుతున్నాను. దిద్దడానికి ఏమీ లేదు. ఒకటి మన అమ్మ. ఒకటి క్యాలెండరు మీద పిల్ల. మూడోది ఎవరో నాకు తెలియదు. నువ్వు నా బిడ్డ ముఖం ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. మామయ్యా మామయ్యా అని అది నీ చుట్టూ తిరుగుతుంటే నువ్వు బావతో మాట్లాడుతూ ఉండేవాడివి.

రాయకూడదనుకున్నది ఇవాళ రాస్తాను. కిందటి జూన్‌లో అడిగాను. నాలుగో తరగతికి విజయవాడలో సిస్టర్ల బడిలో వేస్తాను, మీ ఇంట్లో ఉంచుకోండి అని. బ్యాగు కుట్టాను. అది ఊరంతా చెప్పుకుంది, మా మామయ్య వాళ్ళ ఊరు వెళ్తున్నా, రైలు చూస్తా అని. నువ్వు కార్డు రాశావు. "ఇల్లు చాలదు, వచ్చే ఏడు చూద్దాం" అని. ఒక్క వాక్యం.

పిల్ల పడుకోవడానికి చాప వేసేంత చోటు లేదా అన్నయ్యా మీ ఇంట్లో? నవంబరులో అది మీ ఇంట్లో ఉండుంటే?

బావ చెయ్యి జారిందన్నారు. నువ్వు చెయ్యి చాపనే లేదు. ఈ మాట నోటితో నీ ఎదురుగా అనలేను. కాగితం కాబట్టి అన్నాను.

బొమ్మ చేస్తే చెయ్యి. లేకపోతే మానెయ్యి. నాకింక ఏదైనా ఒకటే. నిన్న జాలర్లు నన్ను నీళ్ళలోంచి బయటికి లాక్కొచ్చారు. మోకాళ్ళ దాకే వెళ్ళాను. అంతకన్నా లోపలికి వెళ్ళాలని వెళ్ళలేదు. ఏమో. నాకే తెలియదు.

అమలమ్మ


విజయవాడ వన్ టౌన్,
10 మార్చి 1978

అమలా,

నువ్వు రాసిన ప్రతి మాటా నిజం. ఒక్కటి మాత్రం నీకు తెలియదు. అది నీకు తెలియకుండా చేసింది నేనే.

కిందటి మే నెలాఖరున మీ వదినకి కాన్పు అయ్యింది. తొమ్మిదో నెల. ఆడపిల్ల. కదలకుండా పుట్టింది. పెళ్ళయిన పదకొండేళ్ళకి. గర్భమని కూడా నీకు రాయలేదు, ముందు రెండు పోయాయి కాబట్టి నిలిచాక చెబుదాం అంది. నిలవలేదు. తరవాత చెప్పొద్దంది. "ఎవరైనా వచ్చి పలకరిస్తే నేను చచ్చిపోతాను" అంది. వీధిలో పిల్లల మాటలు వినపడితే తలుపులు వేసుకునేది. ఆ వారంలోనే నీ ఉత్తరం వచ్చింది. ఆమెకు చూపించకుండానే ఇల్లు చాలదని రాసి పోస్టులో వేశాను.

చూపించి ఉంటే ఏమనేదో తెలియదు. మొన్న నీ ఉత్తరం ఆమే చదివింది. రోజంతా మంచం దిగలేదు. సాయంత్రం లేచి, "నన్ను అడగకపోయారా? పంపమనేదాన్నేమో" అంది.

నువ్వు నన్ను క్షమించాలని ఇది రాయడం లేదు. మీ వదిన మీద నీకు అనుమానం ఉండకూడదని రాస్తున్నాను.

రాయి గురించి. మొదలుపెట్టాను. బొమ్మల మీద నీ జవాబు రాకముందే, ఆగలేక. నుదురు వచ్చింది. ఎడమ చెంప వచ్చింది. ముక్కు దించుతుంటే ఉలి ఆ బూడిద చార మీద పడింది. ముక్కు మొత్తం ఊడి నేల మీద పడింది. ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను, ఇలా ఎప్పుడూ జరగలేదు. వెంకటప్పయ్య గారు చూసి, "వేరే ముక్క తీసుకో" అన్నారు. తీసుకోలేకపోయాను. ఊడిన ముక్కు చేత్తో పట్టుకుని అక్కడే కూర్చున్నాను.

నాకు కొంచెం టైమివ్వు. సముద్రం దగ్గరికి వెళ్ళకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

బాలశౌరి


మల్లెగుంటపాలెం,
28 మార్చి 1978

అన్నయ్యకు, వదినకు,

పాస్కా పండగ వెళ్ళింది. మాకు గుడి లేదు కాబట్టి చింతచెట్టు కింద పూజ జరిగింది. ఫాదర్ గారు యేసు సమాధి ఖాళీగా ఉందని ప్రసంగం చెబుతుంటే లేచి వచ్చేశాను. మాకు ఖాళీ సమాధి కూడా లేదు.

వదినా, నాకు తెలియదు. తెలిస్తే పరుగెత్తుకొచ్చేదాన్ని. నువ్వు పలకరించొద్దన్నావని ఆగేదాన్ని కాను. పాపకి పేరు పెట్టారా? ఏ పేరు?

అన్నయ్యా, నీ మీద కోపం పోయిందని అబద్ధం రాయలేను. తగ్గింది. అది చాలా పెద్దదిగా ఉండేది కాబట్టి తగ్గినా ఇంకా ఉంది. బొమ్మ మాత్రం పంపు. ఎండలు ముదిరే లోపల పంపు. ఈ మధ్య గొంతు కూడా మర్చిపోతున్నాను.

అమలమ్మ


విజయవాడ వన్ టౌన్,
30 ఏప్రిల్ 1978

అమలకు,

మీ వైపు సహాయ శిబిరంలో పనిచేసే కాంపౌండరు సంజీవరావు గారు జీపులో వెళ్తున్నారు. ఆయన చేతికి రాయి ఇచ్చాను. గోనెసంచిలో గడ్డి వేసి చుట్టాను. బరువుంటుంది, ఇద్దరు పట్టుకుని దించండి.

మీ వదిన నీ ప్రశ్నకి జవాబు రాయమంది. పేరు పెట్టలేదట. ఇన్నాళ్ళకి నువ్వు ఒక్కదానివే అడిగావట.

రాయి చూశాక ఉత్తరం రాయి.

బాలశౌరి


మల్లెగుంటపాలెం,
8 మే 1978

అన్నయ్యకు,

అందింది.

సంజీవరావు గారు, ఇంకో ఆయన మోసుకొచ్చి గుడిసెలో దించారు. ఆదెమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు చూడటానికి వచ్చారు. నేను స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని సంచి విప్పాను. నాలుగు నెలలుగా ఎదురుచూసిన దాన్ని.

కళ్ళు లేవు. ముక్కు లేదు. నోరు లేదు. ఒక పక్క నున్నగా గుండ్రంగా ఉంది, ఒక పక్క ఏదో వంపు ఉంది, మధ్యలో బూడిద రంగు చార. ఆదెమ్మ, "ఇదేంటమ్మా, నీళ్ళలో అరిగిన రాయి లాగుంది" అంది. వాళ్ళు నా ముఖం చూడలేక వెళ్ళిపోయారు.

ఊడిపోయిన ముక్క నాకు పంపావా? విరిగిన రాయిని నున్నగా రుద్ది, పల్లెటూరి చెల్లెలికి ఇది చాలనుకున్నావా? నా కలలో ఎలిజమ్మ ఇలాగే వస్తుంది, ముఖం లేకుండా. అది పోగొట్టమనే నిన్ను అడిగాను. నువ్వు దాన్నే రాయి చేసి పంపావు.

సంచి మళ్ళీ చుట్టి చూరు కింద పడేశాను. ఎవరైనా విజయవాడ వచ్చేవాళ్ళుంటే తిప్పి పంపుతాను. లేకపోతే కాలవలో వేయిస్తాను.

ఇంక ఉత్తరాలు రాయకు.

అమలమ్మ


విజయవాడ వన్ టౌన్,
13 మే 1978

అమలా,

రాయొద్దన్నా రాస్తున్నాను. చించినా చదివి చించు.

ముక్కు ఊడిన తరవాత ఇరవై రోజులు ఆ రాయి ముందు కూర్చున్నాను. నువ్వు అన్నదే నిజమని అప్పుడు తెలిసింది. నేను ఎలిజమ్మని సరిగ్గా చూడలేదు. కళ్ళు చెక్కితే ఎవరో ఒకరి కళ్ళు చెక్కుతాను. పెదవి చెక్కితే బావ పెదవి చెక్కుతాను. నీకు అబద్ధం పంపడానికి చేతులు రాలేదు.

నాకు నిజంగా తెలిసింది ఒక్కటే. అంతకు ముందేడు, ఉప్పెన రాకముందు, క్రిస్మస్‌కి వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు అవనిగడ్డ బస్టాండు దాకా నన్ను సాగనంపడానికి బావతో వచ్చింది. బస్సు ఆలస్యమైంది. బెంచీ మీద నా పక్కన కూర్చుని నిద్రపోయింది. తల నా భుజానికి ఆనించింది, జారిపోతుంటే అరచెయ్యి అడ్డం పెట్టాను. గంట సేపు దాని నుదురూ, ఒక చెంపా నా చేతిలో ఉన్నాయి. చూపు మర్చిపోయినా చెయ్యి మర్చిపోలేదు. ఆ గంటలో చేతికి తెలిసినంత వరకే ఉంచి, నాకు తెలియనిదంతా తీసేశాను.

పని అయ్యాక మద్రాసు నుంచి రాయి కొనడానికి వచ్చిన ఒకాయన చూసి, ఎగ్జిబిషనుకి ఇస్తారా అని అడిగారు. ఇన్నేళ్ళలో నా పనిని అలా అడిగినవాళ్ళు లేరు. నా చెల్లెలిదండీ అని చెప్పాను.

దాన్ని చూడకు. ఒక్కసారి చెయ్యి వెయ్యి. అప్పుడు కూడా ఏమీ లేదనిపిస్తే కాలవలో వేయించు, నేనేమీ అనుకోను. నువ్వు మాత్రం కాలవ వైపు, సముద్రం వైపు వెళ్ళకు. జవాబు లేకపోతే నేనూ వదినా బయలుదేరి వస్తాం.

బాలశౌరి


మల్లెగుంటపాలెం,
4 జూన్ 1978

అన్నయ్యకు,

నీ ఉత్తరం, తరవాత రెండు కార్డులు, టెలిగ్రాము అన్నీ అందాయి. జవాబు ఆలస్యమైంది. ఏం జరిగిందో వరసగా రాస్తాను. వదిన పక్కనుంటే గట్టిగా చదివి వినిపించు.

నీ ఉత్తరం అందేసరికే జరగవలసింది జరిగిపోయింది. మే పదిహేనో తేదీ, మిట్ట మధ్యాహ్నం. ఎండకి కాకులు కూడా అరవడం లేదు. మీ బావ బయటనుంచి వచ్చి చూరు కింద కూలబడ్డారు. లోపల నేను కంచాలు కడుగుతున్నాను. అక్కడున్న గోనెసంచి ఏమిటో ఆయనకి తెలియదు. నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. మా ఇంట్లో మాటలు అలా ఉన్నాయి.

సంచి మూతి విప్పిన చప్పుడైంది. తరవాత, "అమలా" అని పిలిచారు. ఆయన నన్ను పేరు పెట్టి పిలిచి ఆరు నెలలు.

బయటికి వచ్చాను. ఆయన అరచెయ్యి ఆ రాయి నుదుటి మీద ఉంది. జ్వరం చూసేటప్పుడు పెడతామే, అలా. అంత ఎండలో కూడా రాయి చల్లగా ఉంది.

"ఇంత చల్లగానే ఉంది అమలా" అన్నారు.

"ఏంటండీ?" అన్నాను.

"పాప. నేను వదిలినప్పుడు ఇంత చల్లగానే ఉంది."

"చెయ్యి జారిందన్నారుగా?"

"జారలేదు. వదిలాను."

ఆ తరవాత ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాస్తున్నాను. మీ ఇద్దరికీ తప్ప ఎవరికీ చెప్పను.

"ఒక చేత్తో చెట్టు, ఒక చేత్తో పాప. నువ్వు చొక్కా పట్టుకున్నావు. ఏదో వచ్చి కొట్టింది. పాపకి కూడా తగిలింది. పాప పలకలేదు. చీకటి పడిపోయింది, గాలికి నా అరుపు నాకే వినపడలేదు. నుదురు చూశాను, చల్లగా ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టాను, ఆ గాలిలో ఊపిరి ఏం తెలుస్తుంది? చాలాసేపు పట్టుకునే ఉన్నాను అమలా, చాలాసేపు. మెడ వాలిపోయింది. ఈలోగా నీ పట్టు వదిలిపోయింది. నువ్వు కొట్టుకుపోతున్నావు. నాకున్నది ఒక్క చెయ్యి. పాపని వదిలి నీ జుట్టు పట్టుకున్నాను."

అన్నయ్యా, నేను ఆయన్ని కొట్టాను. రెండు చేతులతోనూ ముఖం మీద, గుండెల మీద కొట్టాను. ఆయన తల కూడా తిప్పుకోలేదు. ఆదెమ్మ పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను.

"చెబితే నువ్వు బతుకుతావా? నీ కోసం పాపని వదిలానని తెలిస్తే?" అన్నారు. తరవాత మెల్లగా, "ప్రాణం పోయాకే వదిలాను అనుకుంటాను. పోయిందనే అనుకుంటాను. ఆరు నెలలుగా రోజూ అదే ఆలోచిస్తున్నాను. నాకు తెలియదు అమలా" అన్నారు. పెద్దగా ఏడ్చారు. బడి పిల్లలు భయపడే గొంతు ఆయనది. అంత గొంతు ఎత్తి ఏడ్చారు.

నేను లేచి సముద్రం వైపు నడిచాను. సగం దారిలో ఎండకి పడిపోతే ఎవరో కల్లు గీసే ఆయన నీళ్ళు తాగించాడు. అక్కడే కూర్చున్నాను. నేను బతికుండటం నాకు రోతగా ఉంది. ఇప్పటికీ కొంత ఉంది. నీ దగ్గర దాచడం ఎందుకు? కాని కూర్చున్నంతసేపూ ఒకటే తోచింది. ఈ మనిషి ఆరు నెలలుగా నా ఎదురుగా అన్నం ముందు కూర్చుని, దాన్ని ఒక్కడే మోశాడు. నేను మచ్చ ఏ పక్కన అని అడిగాను.

చీకటి పడకముందే ఇంటికి వచ్చాను. ఆయన అక్కడే, రాయి పక్కనే ఉన్నారు. "చల్లబడ్డాకే వదిలారు. నేను నమ్ముతున్నాను" అన్నాను. నిజంగా నమ్మానో లేదో తెలియదు. నేను నమ్మకపోతే ఇద్దరం బతకం. అప్పుడు రాయి మీద చెయ్యి వేశాను. ఆయన వేలు పట్టి చూపించారు, ఇక్కడ నుదురు, ఇక్కడ చెంప దిగుతుంది అని. కళ్ళు మూసుకున్నాను. నాకు ముఖం కనపడలేదు అన్నయ్యా. చేతికి మాత్రం తెలిసింది. నూనె రాసేటప్పుడు నా చెయ్యి తిరిగే దారి అది.

ఇప్పుడు అసలు చెప్పవలసింది. నువ్వు కోప్పడతావేమో.

మర్నాడు ఆయన నన్ను ఆ తాటిచెట్టు దగ్గరికి తీసుకెళ్ళారు. అది రత్తయ్య గారి పొలం గట్టు. ఉప్పు పట్టి తెల్లగా ఉంది. రత్తయ్య గారు కూడా అప్పుడే పొలం చూసుకోవడానికి వచ్చారు. ఇక్కడ మూడడుగులు నేల కావాలి రత్తయ్య గారూ అన్నాను. ఎందుకని అడగలేదు. ఆయనకూ తల్లి, మనవడు పోయారు. "ఆ మూల నాగలి పెట్టన్లేమ్మా" అన్నారు.

ఫాదర్ గారు రాని రోజుల్లో జపం చెప్పే అంతోని ఉపదేశి గారిని పిలిచాం. "శరీరం లేకుండా పూడ్చే జపం చెప్పొచ్చో లేదో నాకు తెలీదమ్మా. ఫాదర్ గారు తిడితే నేను పడతాను" అన్నారు. నేను ఉతికిన పాత చీర చింపి రాయిని చుట్టాను. చుట్టే ముందు మీ బావ ఒకసారి నుదుటి మీద చెయ్యి పెట్టారు, నేనొకసారి పెట్టాను. మోకాళ్ళ లోతు తవ్వి, పడుకోబెట్టి, మట్టి కప్పాం. ఆదెమ్మ మా వెనకే వచ్చింది. బిందెతో నీళ్ళు తెచ్చి పోసింది.

మద్రాసు వాళ్ళు అడిగారని నువ్వు రాసిన ఉత్తరం ఆ తరవాత రోజు అందింది. ముందే అంది ఉన్నా ఇదే చేసేదాన్నేమో. నీ చేతులతో చేసినవాటిలో మంచిదాన్ని నేను మట్టిలో పెట్టాను. ఇంక ఎవరూ చూడరు. నన్ను తిట్టాలనిపిస్తే వచ్చి తిట్టు. వదినని కూడా తీసుకురా. వదినా, రాయి చెక్కినవాడి ఇంట్లోనే నీ బిడ్డకి గుర్తు లేకపోతే ఎలా? పేరు మనిద్దరం కూర్చుని పెడదాం.

మీ బావ ఇప్పుడు కొంచెం తింటున్నారు. మాట్లాడటం తక్కువే. నిద్రలో ఇంకా అరుస్తారు. నేను కూడా బాగున్నానని చెప్పను.

నిన్న తొలకరి పడింది. తెల్లవారగానే వెళ్ళి చూశాం. కప్పిన మట్టి జానెడు కుంగిపోయింది. ఆయన గట్టు మీది నుంచి రెండు తట్టల మన్ను తెచ్చి పోశారు, నేను చేత్తో సర్దాను. సముద్రం వైపు వెళ్ళలేదు. అక్కడ వెతకడానికి ఇంక నాకు ఎవరూ లేరు.

నీ చెల్లెలు,
అమలమ్మ